కిటికీ మీది ఎడారి

పోయిన శుక్రవారం రియాద్‌లోని బత్తా బజారులో ఒక బట్టల దుకాణం మూసేశారు. నేను ఈ ఊరు వచ్చిన మొదటి నెలలో చొక్కా కొనుక్కున్నది అక్కడే. మెట్రో దిగి అటుగా వెళుతుంటే ఇద్దరు బంగ్లాదేశీ పనివాళ్ళు లోపలి నుంచి అద్దాలకు గోధుమరంగు కాగితాలు అంటిస్తూ కనబడ్డారు. ఒకతను బకెట్‌లో బ్రష్ ముంచి అద్దానికి పూస్తున్నాడు, రెండో అతను కాగితం పరిచి అరచేత్తో గాలి బయటికి తోస్తున్నాడు. తలుపు సందులోంచి ఉడికిన మైదాపిండి వాసన వచ్చింది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వెనకనుంచి వచ్చేవాళ్ళు నన్ను తోసుకుంటూ, రెండు మూడు భాషల్లో విసుక్కుంటూ పోయారు. వాళ్ళకేం తెలుసు, నేను ఆ అద్దం మీద కాగితాన్ని చూడడం లేదనీ, ముప్పై ఏళ్ళు దాటిన ఒక చలికాలాన్ని చూస్తున్నాననీ.

అప్పుడు నేను తెల్లవాళ్ళు ఎక్కువగా ఉండే, ప్రహరీ లోపలి విల్లాల కాంపౌండు ఒకదానిలో నీళ్ళ పైపులూ, గీజర్లూ బాగుచేసే పనిలో ఉండేవాణ్ణి. మా అక్క భర్త, అంటే మా బావ, అదే కాంపౌండులో పెయింటరు. గల్ఫ్‌కు రాకముందు బావ జగిత్యాలలో సినిమా పోస్టర్లు అంటించేవాడు. నిచ్చెన భుజాన వేసుకుని, సైకిల్‌కు బకెట్ తగిలించుకుని ఊరంతా తిరిగేవాడు. ఏ గోడకు ఏ సినిమా అంటించాలో తనకు తెలిసినంత హాలు యజమానికి కూడా తెలియదని చెప్పుకునేవాడు. ఇక నా గొప్ప వేరు. నేను పదో తరగతి గట్టెక్కలేదు గానీ మా ఊరి శాఖా గ్రంథాలయంలో తలుపులు తీసేవేళకు వెళ్ళి మూసేవేళకు వచ్చేవాణ్ణి. అక్కడి గ్రంథపాలకుడు ముందు నాకు దినపత్రిక చదవడం, తర్వాత నిఘంటువు చూడడం, ఆపైన చినిగిన పుస్తకాలకు అట్టలు కట్టడం నేర్పాడు. ఇంగ్లీషు నేను బడిలో కంటే ఆ నిఘంటువులోనే ఎక్కువ నేర్చుకున్నాను. సౌదీ వచ్చేటప్పుడు అందరూ పెట్టెలో ఊరగాయ సర్దుకుంటే నేను ఊరగాయ కింద నిఘంటువు కూడా సర్దుకున్నాను. దానికి నూనె అంటి ఎ నుంచి సి దాకా ఉన్న పేజీలు ఇప్పటికీ ఆవకాయ వాసన వేస్తాయి.

ఆ కాంపౌండులో చివరి విల్లాలో ఒక ముసలి ఇంగ్లీషాయన ఒంటరిగా ఉండేవాడు. ఆయన్ని మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. రిటైరయ్యే వయసు ఎప్పుడో దాటినా, నీళ్ళ గొట్టాల సంగతి ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని కంపెనీవాళ్ళు సలహాదారుగా ఉంచుకున్నారు. ఒకరోజు నేను ఆయన గీజరు బాగుచేసి, చేతులు తుడుచుకుంటూ ముందుగదిలోకి వచ్చేసరికి అల్మారాలో ఒక లావుపాటి పుస్తకం కనబడింది. ఒకప్పుడు ఎర్రగా ఉండి, వెలిసి ఇటుకరంగుకు తిరిగిన గుడ్డ బైండింగు. వీపు మీద బంగారు అక్షరాలు సగం రాలిపోయాయి. మిగిలిన సగాన్ని నేను పైకే చదివాను. పెద్దసారు కళ్ళద్దాలు పైకెత్తి నన్ను ఎగాదిగా చూశాడు. గీజరు మెకానిక్కు పుస్తకం వీపు చదవడం ఆయన అనుభవంలో లేదనుకుంటాను.

"చదువుతావా?" అన్నాడు.

"చదువుతాను సార్. నిఘంటువు ఉంది."

"అయితే రెండు షరతులు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పుస్తకం ఈ ఇల్లు దాటకూడదు."

అలా మొదలైంది. శుక్రవారాలు పని లేనప్పుడు ఆయన ముందుగదిలో కూర్చుని చదివేవాణ్ణి. అది రెండో ప్రపంచయుద్ధంలో ఆయన పనిచేసిన టాంకు దళం చరిత్ర. యుద్ధం అయ్యాక ఆ దళంలో బతికి బయటపడ్డవాళ్ళు తమకోసం, చనిపోయినవాళ్ళ ఇళ్ళకోసం అచ్చు వేయించుకున్నారట. దుకాణాల్లో అమ్మలేదు. పెద్దసారు టాంకు నడిపేవాడు. ఉత్తర ఆఫ్రికా ఎడారి నుంచి ఆ దళం ఎక్కడెక్కడ తిరిగిందో, ఎక్కడ పెట్రోలు అయిపోయిందో, ఎక్కడ ఇసుకతుపానులో సొంతవాళ్ళనే శత్రువులనుకుని కంగారుపడిందో అంతా ఉంది. నేను వీరగాథ దొరుకుతుందనుకుంటే ముప్పాతిక భాగం టీ గురించి ఉంది. వాళ్ళు రేకు డబ్బాను కోసి, దాంట్లో ఇసుక నింపి, పెట్రోలు పోసి అంటించి, దాని మీద నీళ్ళు మరిగించేవాళ్ళట. ప్రతి టాంకుకూ ఒక పేరు పెట్టి ముందు రంగుతో రాసుకునేవాళ్ళట. అది చదివి నేను పైకే నవ్వేశాను. మా వైపు లారీల ముందు పేర్లు రాయించుకోవడం గురించి పెద్దసారుకు చెబితే ఆయన కూడా నవ్వాడు. సాయంత్రం బావకు చెబితే, "టాంకులల్ల తిరిగెటోళ్ళు గూడ మనలెక్కనే చాయ్‌కి బండి ఆపుతరన్నమాట," అని వాళ్ళని వెంటనే మన లెక్కలో కలిపేసుకున్నాడు.

పుస్తకం వెనక అట్ట లోపల ఒక సంచీ ఉండేది, దాంట్లో మడతపెట్టిన పెద్ద పటం, యుద్ధంలో పెద్దసారు తన టాంకులో వాడుకున్నది. చిరగకుండా వెనక సన్నని గుడ్డ అంటించిన పటం అది. లేత పసుపురంగు ఎడారి, దాని మీద సన్నని గీతలు, ఊళ్ళకంటే బావులే ఎక్కువ. ఆ పటాన్ని పెద్దసారు ఒక్కసారే నా ముందు పరిచాడు. ఒకచోట పెన్సిలుతో గీసిన చిన్న శిలువ గుర్తు ఉంది. ఆయన దాన్ని ముట్టుకోకుండా, వేలు దాని పక్కన ఆనించి చెప్పాడు. వాళ్ళ టాంకు అక్కడ కాలిపోయింది. ఫిరంగి పేల్చే ఆయన స్నేహితుణ్ణి అక్కడే ఇసుకలో పూడ్చి, రెండు కర్రలు కట్టి నిలబెట్టి ముందుకు పోయారు. తర్వాత వచ్చిన గాలికి కర్రలు లేవు. వెతకడానికి వెళ్ళినవాళ్ళకు ఏమీ దొరకలేదు. ఆ చోటు తెలిసినవాడు ఇక ఆయనొక్కడే, అదీ ఆ రాత్రే పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాడు కాబట్టి. "ఉద్యోగం మానేశాక ఒకసారి అక్కడికి వెళ్ళాలి," అన్నాడు. "ఇన్నాళ్ళూ ఎందుకు వెళ్ళలేదు సార్?" అని అడిగాను. "ధైర్యం లేక," అని పటం మడతపెట్టేశాడు.

ఇంతలో కువైట్ గొడవ వచ్చింది. మొదట తెల్లవాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు వెళ్ళిపోయారు. ఈతకొలను దగ్గర గోల ఆగిపోయింది. తూర్పు తీరాన ఓడల్లోంచి బ్రిటిష్ టాంకులు దిగుతున్నాయని టీవీలో చూపిస్తే పెద్దసారు కుర్చీ ముందుకు లాక్కుని చూశాడు. "మా పిల్లలు మళ్ళీ ఇసుకలోకే వచ్చారు," అన్నాడు, సంతోషమో బాధో తెలియని గొంతుతో. కొత్త సంవత్సరం వచ్చాక కంపెనీ ఆయన్ని కూడా పంపేసింది. ఉన్నపళంగా విమానం ఎక్కాలి, చేతిసంచీ ఒక్కటే. ఇంటి తాళాలు నా చేతిలో పెట్టాడు.

"మీ గదులు రేకులవి. మీరిద్దరూ వచ్చి నా పడకగదిలో ఉండండి. గోడలు గట్టివి. ఇల్లు పోతే కంపెనీది, నాకు బాధలేదు. ఆ పుస్తకం, ఆ పటం మాత్రం చూసుకో."

"మీతో తీసుకెళ్ళండి సార్," అన్నాను.

"విమానాశ్రయంలో సంచులు విప్పుతారు. ఇలాంటి రోజుల్లో టాంకులూ పటాలూ ఉన్న పుస్తకం కనబడితే ఎన్ని ప్రశ్నలు అడుగుతారో తెలుసా? ఇక్కడే ఉండనీ," అని నా భుజం తట్టి కారెక్కాడు.

విషవాయువు బాంబులు పడతాయని ఊరంతా పుకారు. ఒక గదిని ఎంచుకుని, కిటికీలూ తలుపుల సందులూ టేపుతో మూసుకోవాలని కాంపౌండు ఆఫీసువాళ్ళు చెప్పారు. అందరూ ఒకేసారి కొంటే టేపు ఎక్కడుంటుంది? పొద్దున్నే బయలుదేరి బకాలాలు, అంటే ఇక్కడి కిరాణా కొట్లు, అన్నీ తిరిగి మధ్యాహ్నానికి నాలుగు కొవ్వొత్తులు, మంచినీళ్ళ డబ్బాలు మాత్రం తెచ్చాను. తలుపు తీయగానే వంటింట్లోంచి ఉడికిన మైదా వాసన. పడకగదిలోకి వెళితే బావ చేతులు మోచేతుల దాకా తెల్లగా చేసుకుని, తృప్తిగా నిలబడి ఉన్నాడు. చిన్న అద్దాలకు పాత ఇంగ్లీషు పత్రికలు. మధ్యలో పెద్ద అద్దానికి పెద్దసారు పటం.

వెనకనుంచి ఎండ పడి ఆ పటం వెలిగిపోతోంది. అంత అందమైన ఎడారిని నేను బయట కూడా చూడలేదు.

"ఏంది బామ్మర్ది, గట్ల బొమ్మలెక్క నిలవడ్డవ్? టేపు దొరుకదని నాకు ముందే ఎర్క. లై వండిన. ఇగ సూడు, చీమకు గూడ సందు లేదు," అన్నాడు బావ. మైదా ఉడికించి చేసే జిగురును మా వైపు లై అంటారు.

"బావా, గిది దొరికిందా నీకు? ఇంకేం దొరుకలేదా?"

"పేపర్లు ఒడిసినయ్. ఇది మందంగున్నది, ఎనక బట్ట గూడ ఉన్నది. మిసైలు వడ్డా చినుగది."

"పెద్దసారు పానం పెట్టుకున్న పటం బావా అది!"

"ఆయన ఇల్లే గదా మనం కాపాడుతున్నది? ఆయన సామానుకు గా పనిజెయ్యనీకి ఏం నొప్పి?"

దగ్గరికి వెళ్ళి చూశాను. బావ తన పాత వృత్తి ధర్మం తప్పలేదు. పోస్టరులో బొమ్మ జనానికి కనబడాలి కాబట్టి పటాన్ని మావైపు తిప్పి అంటించాడు. పోస్టరు ముడత లేకుండా కూర్చోవాలని పైనుంచి కూడా బ్రష్‌తో ఒక చేయి లై పూశాడు. జగిత్యాల గోడలకు అలవాటైన చేయి. ఆ చలికాలపు పొడిగాలికి అప్పుడే అంతా బిగుసుకుపోయింది. అచ్చు గీతలు కనబడుతున్నాయి గానీ, పెన్సిలు శిలువ ఉండాల్సిన చోట మందంగా తెల్లటి పొర, దాని కింద ఏముందో ఏమీ తెలియడం లేదు. నేను గోరు పెట్టబోయాను. గీత కూడా లేచి వస్తుందేమోనని చెయ్యి తీసేశాను.

సంగతంతా చెప్పాక బావ ముఖం చిన్నబోయింది. "పోతే పోయింది, ఎక్కడుండెనో నీకు యాదికున్నది గదా. మనమే గీసిపెడుదాం. ఆయనకేం తెలుస్తది?" అన్నాడు.

"అది ముగ్గు కాదు బావా, అందాజాగ గీసెతందుకు. వేలెడంత జరిగితే అక్కడ ఎన్నో మైళ్ళు జరిగినట్టు. ఆ మనిషిని తీస్కపోయి ఇంకోచోట పండవెట్టినట్టయితది."

వెంటనే తీసేద్దామంటే ఆ సాయంత్రమే సైరన్ మోగింది. కిటికీ ఖాళీ చేసే ధైర్యం ఇద్దరికీ లేదు. అలా ఆ పటం యుద్ధమంతా కిటికీ మీదే ఉంది.

సైరన్ మోగినప్పుడల్లా మేము తలుపు సందులో తడి తువ్వాలు కుక్కి మంచం పక్కన నేలమీద కూర్చునేవాళ్ళం. లండన్ నుంచి వచ్చే హిందీ వార్తలు వినేవాళ్ళం. అవి అయిపోయాక నేను పుస్తకం తీసి చదివి, బావకు తెలుగులో చెప్పేవాణ్ణి. బావ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆ రోజు దళం ఎక్కడుందో వేలు పెట్టి చూసుకునేవాడు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాకపోయినా పటం మీద దారులు నాకంటే తొందరగా పట్టేశాడు. ఒకరోజు దళం వెనక్కి తగ్గిందని చదివితే, "మల్ల ఎనకకేనా? వీళ్ళతోని అయ్యే పని కాదు. పెట్రోలు బండి ఏడ వోయింది?" అని నిజంగానే కోప్పడ్డాడు. బయట ఆకాశంలో ఏదో పేలుతుంటే లోపల మేమిద్దరం ఎన్నడో ముగిసిన ఇంకో యుద్ధంలో పెట్రోలు కోసం బెంగపడేవాళ్ళం. అది మాకు ఎంత మేలు చేసిందో అప్పుడు తెలియలేదు. ముగింపు తెలిసిన యుద్ధం ఒకటి చేతిలో ఉంటే, ముగింపు తెలియనిది కాస్త భరించగలిగేలా ఉంటుంది.

ఒక సాయంత్రం చీకటి పడుతుండగా దగ్గరలోనే పెద్ద శబ్దం వచ్చింది. నేల అదిరింది. ముందుగదిలో అద్దాలు ఘల్లుమని రాలాయి. మా గదిలో మాత్రం చప్పుడు లేదు. లైటు వేసి చూస్తే కిటికీ పెద్ద అద్దం పైనుంచి కిందికి సాలెగూడులా పగిలి ఉంది. ఒక్క పెంకు కూడా రాలలేదు. వెనక గుడ్డ, దాని మీద బావ లై, రెండూ కలిసి అద్దాన్ని పట్టుకుని ఉన్నాయి. బావ పక్క ఆ కిటికీ కిందే. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "చెప్తి గదా," అన్నాడు బావ. ఆ మాట అంటూనే తన పక్కను కిటికీ కిందినుంచి ఇవతలి మూలకు లాక్కున్నాడు.

యుద్ధం ఆగిందన్న వార్త విన్న మర్నాడు పొద్దున్నే పెద్దసారు ఫోన్ చేశాడు. మేమెలా ఉన్నామని అడిగాడు. తర్వాత ఇంటి సంగతి అడుగుతాడనుకున్నాను. "పుస్తకం ఎలా ఉంది?" అన్నాడు. "బాగుంది సార్," అన్నాను. అది నిజమే. పటం సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పదిరోజుల్లో వస్తానన్నాడు.

ఆ రోజు మేము పనికి సెలవు పెట్టాం. నేను తడిగుడ్డతో తుడవబోతుంటే బావ నా చేయి పట్టుకున్నాడు.

"తుడువకు. తాగనియ్యి."

"ఏంది?"

"లై నీళ్ళు తాగాలె. పాత పోస్టరు కిందిది ఖరాబు గాకుంట తియ్యాల్నంటె గట్లనే. నువ్వు రుద్దితె రంగు లేస్తది, తాగినంక అదే ఒదులుతది."

గోరువెచ్చటి నీళ్ళలో తువ్వాలు ముంచి, పిండి, పటం మీద పరిచి, అరచేతులతో అదిమిపెట్టి నిలబడ్డాం. చాలాసేపు నిలబడ్డాం. బావ పెదాలు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటున్నాడో, పాత సినిమా పేర్లు తలుచుకుంటున్నాడో అడగలేదు. తువ్వాలు తీస్తే దానికి తెల్లటి పిండి అంటుకుని వచ్చింది. మళ్ళీ ఇంకొక తువ్వాలు. మళ్ళీ. చివరికి పైమూల తనంతట తనే వాలింది. బావ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, పగిలిన అద్దం పెంకు ఒక్కటి కూడా గుచ్చుకోకుండా, పసిపిల్ల ఒంటిమీది చొక్కా విప్పినట్టు కిందికి దించాడు. అక్కడినుంచి పని నాది. మా గ్రంథపాలకుడు వానకు తడిసిన పుస్తకాలను ఆరబెట్టే పద్ధతి నాకు తెలుసు. ఎండలో వేయకూడదు, ముడుచుకుపోతుంది. తెల్లదుప్పట్ల మధ్య నీడన పరిచి, పైన చెక్క పెట్టి, బరువు పెట్టాలి. బరువుకు రెండు బాస్మతి బియ్యం సంచులు పెట్టాను. జిగురులో పురుగు పట్టకుండా మా ఊళ్ళో మైలుతుత్తం కలుపుతారు. రియాద్‌లో అది దొరక్క బావ కలపలేదు. కలిపి ఉంటే ఎడారంతా నీలంగా మారేది.

రెండోరోజు బియ్యం సంచులు దించి, పైదుప్పటి ఎత్తే ధైర్యం నాకు రాక బావను ఎత్తమన్నాను. బావ నన్ను ఎత్తమన్నాడు. చివరికి చెరో కొస పట్టుకుని ఎత్తాం. పసుపురంగు కొంచెం వెలిసింది. మూల మీద బ్రష్ వెంట్రుక ఒకటి అంటుకుని ఉంది. శిలువ ఉంది. ఉన్నచోటే ఉంది. పెన్సిలు గీత నీళ్ళకు కరగదని నేను ఎక్కడో చదివానని తర్వాత బావతో కోతలు కోశాను గానీ, ఆ క్షణాన నాకు తెలిసిందల్లా కూర్చోవడానికి నేల ఎక్కడుందా అని చేత్తో తడుముకోవడం. బావ అప్పటికే కూర్చున్నాడు.

పెద్దసారు వచ్చాడు. సంచీ దించకుండానే పుస్తకం తీసి, వెనక అట్టలోంచి పటం లాగాడు. అది గంజి పెట్టి ఇస్త్రీ చేసిన పంచెలా పెళపెళలాడింది. ఆయన కనుబొమలు పైకి లేచాయి. నేను మొదలుపెట్టేలోపే బావ అందుకున్నాడు. తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలకు ఎనిమిది హిందీ ముక్కలు కలిపి, కిటికీ చూపించి, మైదా కలిపినట్టు చేతులు తిప్పి, బాంబు పడ్డట్టు నోటితో చప్పుడు చేసి, చివరికి రెండు చేతులూ జోడించి, "సారీ సార్," అన్నాడు. పెద్దసారు పటం మీది ఆ చిన్న శిలువ పక్కన వేలు ఆనించాడు. తర్వాత వేలికి అంటిన తెల్లటి పొడిని నాలుక మీద పెట్టుకుని రుచి చూశాడు.

"ఇదే," అన్నాడు. "బిస్కట్లు పొడిచేసి, నీళ్ళలో ఉడికించి, ఆ ఎడారిలో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే మేము తిన్నది ఈ జిగురే. ఇక్కడ పడుకున్నవాడికి అసలు గిట్టేది కాదు." అంటూ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "వీడికి చెప్పు, ఆ పటం పనికొచ్చిన యుద్ధం ఇదొక్కటేనని. మా రోజుల్లో దాన్ని నమ్ముకుని మేము దారి తప్పని రోజు లేదు." నేను చెప్పాను. ఉద్యోగం పోయిందని, పాస్‌పోర్టు మీద ఖురూజ్, అంటే ఇక తిరిగి రావద్దనే ముద్ర కొట్టి ఊరికి పంపిస్తారని అప్పటిదాకా బిగదీసుకుని ఉన్న బావ, "మరి చాయ్ పెట్టాల్నా?" అని వంటింట్లోకి పోయాడు.

ఆ మరుసటి ఏడు పెద్దసారు ఉద్యోగం మానేశాడు. వెళ్ళేముందు పటం తను తీసుకుని పుస్తకం నాకిచ్చాడు. షరతు మాత్రం సడలించలేదు. చేతులు కడుక్కునే చదవాలి. కొన్నాళ్ళకు కాంపౌండు ఆఫీసుకు ఫోన్ చేసి నన్ను పిలిపించాడు. ఆ చోటికి వెళ్ళొచ్చానన్నాడు. "ఏముంది సార్ అక్కడ?" అన్నాను. "ఇసుక," అన్నాడు. "కానీ చోటు అదే. అక్కడ కూర్చుని టీ కాచుకున్నాను, రెండు కప్పులు." ఆ గొంతులో ఉన్న తేలిక నాకు ఇప్పటికీ వినబడుతుంది.

బావ ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు. బత్తాలో ఆ దుకాణం అద్దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఆయనకు పంపాను. క్షణంలో జవాబు వచ్చింది, రాసి కాదు, ఆయన గొంతుతోనే. "లై పల్చగైంది బామ్మర్ది, మూలలు లేస్తున్నయ్. ఎవడు నేర్పిండు వాళ్ళకు?" నేను మెట్రో మెట్ల మీద ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, ఇటుకరంగు పుస్తకం తీసి వెనక అట్టలో ఖాళీ సంచీని తడిమి చూశాను. గడిచిన ఏళ్ళను రుద్ది చూడబోతే ఏమీ మిగలదు. తడిగుడ్డ పరిచి కాసేపు ఓపికపడితే, కింద ఎవరో ఎప్పుడో పెట్టిన గుర్తు ఉన్నచోటే కనబడుతుంది.